అద్దె పేర్లు

బ్యాంకు అద్దాల తలుపు తోసుకుని మీరు ఆయన వెనకాలే లోపలికి వస్తారు. డెబ్బై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులున్న ప్లాస్టిక్ కవరు. చొక్కా జేబులో ఫోను నిలబెట్టి ఉంది, కెమెరా కన్ను బయటికి కనబడేలా. అది మాట్లాడటం లేదు, వింటోంది. మూడు రోజులుగా అవతల ఎవడో ఖాకీ బట్టల్లో కూర్చుని ఈయన తిండీ నిద్రా కనిపెడుతున్నాడు. మీ ఆధార్‌తో ముంబైలో ఎవరో ఖాతా తెరిచారు, మీ మీద మనీ లాండరింగ్ కేసు ఉంది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం అన్నాడు. ఉన్న డబ్బంతా రిజర్వు బ్యాంకు పరిశీలన ఖాతాకు పంపండి, మచ్చ లేదని తేలగానే వెనక్కి వేస్తాం అన్నాడు.

కౌంటరులో అమ్మాయి ఫారం అటూ ఇటూ తిప్పి చూస్తోంది.

"డిపాజిట్లన్నీ ఒకేసారి తీసేస్తున్నారేంటి సార్? ఇరవై నాలుగు లక్షలు... ఎవరికండీ?"

"మా అమ్మాయికమ్మా. ఫ్లాటు కొంటోంది."

"ఇక్కడ ఏదో ట్రేడర్స్ అని ఉంది కదండీ?"

"బిల్డరు ఖాతా."

ఆ జవాబు ఆయనది కాదు. జేబులోని ఫోను రాత్రే నేర్పి, అప్పజెప్పించుకుంది. అమ్మాయి ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూస్తుంది. ఇలా చూసి, పక్కకు పిలిచి, ఫోను కట్ చేయించి డబ్బు నిలబెట్టిన బ్యాంకు ఉద్యోగులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఈ రోజు మాత్రం వరుసలో ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. ముద్ర పడుతుంది.

ఈ పెద్దాయన ఫలానా అని వెతక్కండి. ఈయన ఒక్కరు కాదు, ఫిర్యాదుల కాగితాల్లో పదే పదే కనబడే ఎందరినో కలిపితే వచ్చే మనిషి. ఇక్కణ్ణించి మీరు ఆయన్ని వదిలేసి డబ్బు వెంట వెళ్లాలి. ఆర్‌టీజీఎస్ అనే బదిలీ వ్యవస్థ 2020 డిసెంబరు 14 నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది, ఆదివారం కూడా ఆగదు. మన సౌకర్యం కోసం పెట్టిన ఆ వేగమే ఇప్పుడు మీ ముందు పరుగెడుతోంది. ఆయన మెట్లు దిగి చెప్పులేసుకునేలోపు డబ్బు చేరాల్సిన చోటికి చేరిపోయింది.

చేరింది ఎక్కడికి? కంప్యూటర్లున్న రహస్య స్థావరానికి కాదు. బస్‌స్టాండు పక్క లాడ్జిలో ఒక నాన్ ఏసీ గదికి.

మంచం మీద ఆటో డ్రైవరు కూర్చున్నాడు. ముందు బిర్యానీ పొట్లం, చేతిలో తనది కాని కొత్త ఫోను. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఇంకొకడు చార్జరు వైరు వేలికి చుట్టుకుంటూ ఫోను చూస్తున్నాడు.

"అన్నా, గిదంతా అయినంక నాకేమన్న అయితదా?"

"ఏం గాదురా. సంతకం నీది, పని మాది. సాయంత్రం దాక ఊకె కూసో."

'ట్రేడర్స్' ఈ డ్రైవరే. నెల కిందట వాళ్లు ఇతని ఆధార్, పాన్ తీసుకుని ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించారు. దానికి ఖర్చు కూడా లేదు, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. ఒక మూతబడ్డ షట్టరు అద్దెకు తీసుకుని ఫ్లెక్సీ కట్టారు. బ్యాంకు మనిషి వచ్చి, ఫ్లెక్సీ ముందు డ్రైవర్ని నిలబెట్టి ఫొటో తీసుకుని వెళ్లాడు. మర్నాడే ఫ్లెక్సీ మడిచి ఇంకో షట్టరుకు పట్టుకెళ్లారు. కరెంటు ఖాతా తెరుచుకుంది. సేవింగ్స్ ఖాతాలో ఇరవై నాలుగు లక్షలు పడితే ఎవరైనా తలెత్తి చూస్తారు, వ్యాపారి ఖాతాలో పడితే వ్యాపారం అనుకుంటారు. చెక్కుబుక్కు, ఏటీఎం కార్డు, ఖాతాకు తగిలించిన సిమ్ము, నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డు అన్నీ ఒక కవర్లో పెడితే దాన్ని వాళ్లు కిట్టు అంటారు. కిట్టుకు ఇన్ని వేలని ధర ఉంటుంది. కొందరు తిరిగిన సొమ్ము మీద ఒకటో రెండో శాతం మాట్లాడుకుంటారు.

కిట్టు ఇచ్చేశాక మనిషిని ఎందుకు లాడ్జిలో కూర్చోబెట్టడం? మోసగాడికి మోసగాడంటేనే భయం. ఖాతా తన పేరు మీద ఉంది కాబట్టి డ్రైవరు బ్యాంకుకు వెళ్లి తనే డబ్బు తీసుకుని పారిపోవచ్చు. అలా పారిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మీద ఎవరు కేసు పెడతారు? అందుకే పని అయ్యేదాకా కాపలా. ఫోనులో వేసిన చిన్న యాప్ ఒకటి వచ్చిన ప్రతి ఓటీపీని అప్పటికప్పుడు దేశం అవతల ఉన్న టెలిగ్రామ్ గ్రూపుకు పంపిస్తోంది. ఖాతా నడిపేవాడు ఈ గదిలో లేడు. చార్జరు వైరు తిప్పుతున్నవాడు కూడా కూలివాడే.

ఇది అల్లిన గది అనుకుంటే పాతబస్తీ దాకా నడవండి. షంషేర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో పేదల పేర్ల మీద తెరిచిన ఆరు కరెంటు ఖాతాల్లోంచి 2024 మార్చి, ఏప్రిల్ నెలల్లో 175 కోట్ల రూపాయలు తిరిగాయని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఆ ఆగస్టులో బయటపెట్టింది. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఆరు వందల దాకా ఫిర్యాదులు ఆ ఆరు ఖాతాల దగ్గర కలిశాయి. అసలు సూత్రధారి దుబాయ్‌లో ఉన్నాడన్నారు. తర్వాత శాఖ మేనేజరు కూడా అరెస్టయ్యాడు. ఆరు పేర్లు, 175 కోట్లు.

గదిలో ఫోను మోగుతుంది. డబ్బు పడిన మెసేజ్. ఇంకో నిమిషంలో వరుసగా తీసిన మెసేజ్‌లు. నాలుగు లక్షల తొంభై వేలు, నాలుగు లక్షల ఎనభై, మూడు లక్షలు... ఐఎంపీఎస్‌లో ఒక్కోసారి అయిదు లక్షలు దాటనివ్వరు కాబట్టి ముక్కలన్నీ ఆ గీత కింద ఉన్నాయి. వరి పొలంలో గట్టు తెంచి ఒక మడి నీళ్లు పది మడుల్లోకి వదిలినట్టు, ఒక ఖాతా ఏడు ఖాతాలవుతుంది, ఏడు నలభై అవుతాయి. పోలీసులు వీటిని లేయర్లంటారు. మొదటి లేయరు హైదరాబాద్, రెండోది సూరత్‌లోనో సిలిగురిలోనో, మూడోది మీరు పేరు కూడా వినని ఊళ్లలో. నలభై మందిలో ఒక కాలేజీ కుర్రాడు, ఒక పెయింటరు, ఖాతా ఎందుకు తెరిపించారో తెలియని ఒక ముసలావిడ. ఒక్కొక్కరి దగ్గరా డబ్బు నిలిచేది కొన్ని నిమిషాలే. పేరు నిలిచేది మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో.

మూడో లేయర్లో డబ్బు మామూలు జనంలో కలుస్తుంది. ఎవడో పెట్రోలు కొట్టించుకుంటాడు, ఇంకెవడో సెల్‌ఫోన్ కొంటాడు, నాలుగు గ్రాముల ఉంగరం తీసుకుంటాడు. వారం తర్వాత ఆ కొట్టువాడి ఖాతా స్తంభించిపోతుంది. స్కాన్ చేసి డబ్బులిచ్చినవాడి వెనక ఏముందో చిన్న దుకాణదారుకు ఎలా తెలుస్తుంది? ఇలా ఇరుక్కున్నవాళ్లు హోల్డు తీయించుకోవడానికి ఎక్కడో వేరే రాష్ట్రంలోని పోలీస్ స్టేషను నంబరు పట్టుకుని తిరగాలి. ఈ బాధితులు లెక్కల్లో కనబడరు.

తర్వాతి దృశ్యం వేరే గదిలో. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ, ఆగని మోత. 1930. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు ఇది; దీని వెనక బ్యాంకులను కలిపే ఏర్పాటు 2021 నుంచి ఉంది. ఇక్కడ మొదటి ప్రశ్న "ఎలా జరిగింది?" కాదు.

"యూటీఆర్ నంబరు చెప్పండి సార్. మెసేజ్‌లో ఉంటుంది చూడండి. ఏడవకండమ్మా, ముందు నంబరు చెప్పండి."

బదిలీకి గుర్తైన ఆ నంబరు కొట్టగానే డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో ఆ బ్యాంకుకు టికెట్టు పోతుంది. అక్కడ డబ్బుంటే హోల్డు. లేకపోతే ఏ ఖాతాకు దాటిందో ఆ బ్యాంకు రాసి ముందుకు తోస్తుంది. పరుగుపందెం అంతా ఇదే. మొదటి గంటలో ఫోను చేసినవాళ్ల డబ్బు చాలాసార్లు రెండో లేయర్లో దొరికిపోతుంది. మన పెద్దాయన చేయలేదు. మర్నాడు అట్లాంటా నుంచి కూతురు వీడియోకాల్ చేసి, ఆయన ముఖం చూసి, "నాన్నా, ఏమైంది?" అని అడిగేదాకా ఆయన అరెస్టులోనే ఉన్నాడు. ఆమె ఫోన్ల మీద ఫోన్లు చేసి పక్క ఫ్లాటు వాళ్లను లేపి 1930 కొట్టించేసరికి డబ్బు నాలుగో లేయరు దాటింది. లక్షా పదివేలు మాత్రం ఎక్కడో ఒక ఖాతాలో చిక్కుకుని ఉంది. 2024లో దేశం మొత్తం మీద ఇలా పోయింది 22,845 కోట్ల రూపాయలని కేంద్ర ప్రభుత్వం లోక్‌సభకు చెప్పింది. అంతకుముందు ఏడాది 7,465 కోట్లు.

మిగతా ఇరవై రెండు లక్షల చిల్లర ఎటు పోయిందో చూడాలంటే మళ్లీ రోడ్డు మీదికి రండి.

ఒక బ్యాంకు మెట్ల మీంచి కుర్రాడు దిగుతున్నాడు. సెల్ఫ్ చెక్కు మీద తీసిన నోట్ల కట్టలు బ్యాక్‌ప్యాకులో ఉన్నాయి. కాస్త ముందు ఆగి ఉన్న కారు ఎక్కుతాడు. మీరూ ఎక్కండి. వెనక సీట్లో ఇద్దరున్నారు. ఒకడి ఒళ్లో నోట్లు లెక్కపెట్టే చిన్న యంత్రం, ఇంకొకడి చేతిలో ఫోను. యంత్రం నోట్లను టపటపా తిప్పుతోంది. లెక్క సరిపోయాక ఫోనువాడు ఒక చిరునామా అతికిస్తాడు. 'టి' అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలై ముప్ఫై నాలుగు అక్షరాల పొడవున్న గజిబిజి వరస. అది ట్రాన్ అనే నెట్‌వర్కు మీద ఒక వాలెట్. పంపేది యూఎస్‌డీటీ. ఒక్కోటి ఒక్క డాలరుకు సమానంగా ఉండేలా టెథర్ అనే కంపెనీ జారీ చేసే క్రిప్టో నాణెం. బిట్‌కాయిన్‌లా రాత్రికి రాత్రి పడిపోదు. అందుకే దొంగసొమ్ముకు అదంటే ఇష్టం.

"వచ్చిందా భాయ్?"

"ఆగు... ఆ, చూపిస్తుంది."

రూపాయి ఇక్కడ దిగిపోయింది. కాగితం కారులోనే ఉంది, విలువ మాత్రం సముద్రాలు దాటింది. బ్యాక్‌ప్యాకు కుర్రాడు తన వాటా నోట్లు లెక్కపెట్టుకుని దిగి, మొదటి పనిగా షోరూముకు పోయి బైకుకు అడ్వాన్సు కడతాడు. దొరికేది వాడే. షోరూములో, బ్యాంకులో రెండు చోట్లా సీసీ కెమెరాలున్నాయి.

యూఎస్‌డీటీ అమ్మినవాడు ఎవడు? కొందరు ఇదే వృత్తిగా ఉన్నవాళ్లు. కొందరు ఎక్స్‌ఛేంజీలో మనిషికి మనిషికి మధ్య జరిగే అమ్మకంలో, మార్కెట్టు కన్నా రెండు రూపాయలు ఎక్కువొస్తుందని ఆశపడ్డ మామూలు కుర్రాళ్లు. ఎవడో ఎక్కువ ఇస్తానంటే ఎందుకిస్తాడో ఆలోచించరు. ఇంకో దారి పాతదే, హవాలా. ఇక్కడ నగదు ఇచ్చి, ఒక పది రూపాయల నోటు ఫొటో పంపుతారు. దుబాయ్‌లో ఆ నోటు నంబరు చెప్పినవాడికి దిర్హాములు ఇస్తారు. టెక్నాలజీ ఎంత మారినా పది నోటుకు ఉద్యోగం పోలేదు.

యూఎస్‌డీటీకి ఒక చిక్కుంది. పోలీసులు అడిగితే టెథర్ ఆ చిరునామాను స్తంభింపజేయగలదు. ప్రతి కదలికా అందరికీ కనబడే ఖాతా పుస్తకంలో రాసి ఉంటుంది కూడా. దాచుకోవడానికి అది మంచి చోటు కాదు, దాటడానికి మంచి వంతెన. కాబట్టి డబ్బు అక్కడా ఆగదు. మీరు ఇప్పుడు ఒక బజారులోకి అడుగుపెడతారు. గోడలు లేవు, షట్టర్లు లేవు, అంతా టెలిగ్రామ్ గ్రూపులు, అంతా చైనీస్ భాష.

బజారు పేరు హుయివోన్ గ్యారంటీ. యజమాని కంబోడియా రాజధాని నోమ్‌పెన్‌కు చెందిన హుయివోన్ గ్రూపు. వేలు పెట్టి స్క్రీను పైకి జరపండి. ఒకడు ఫలానా దేశంలో బ్యాంకు ఖాతాలున్నాయంటున్నాడు. ఇంకొకడు మోసపు డబ్బు దింపుకుని కమీషను పట్టుకుని యూఎస్‌డీటీ ఇస్తానంటున్నాడు. ముఖం మార్చే సాఫ్ట్‌వేరు ఉంది, దొంగ వెబ్‌సైట్లు కట్టిపెట్టేవాళ్లున్నారు. ఇంకా కిందికి వెళ్తే కరెంటు షాకు కొట్టే లాఠీలు, కాళ్లకు తగిలించే ఎలక్ట్రానిక్ బేడీలు కూడా అమ్మకానికి ఉన్నాయి. ఈ చివరి సరుకు ఎవరి కోసమో మీకు కాసేపట్లో తెలుస్తుంది. మోసగాళ్లు ఒకరినొకరు నమ్మరు కాబట్టి బజారు వాళ్లే మధ్యలో నిలబడి డిపాజిట్టు పట్టుకుంటారు, పని అయ్యాక వదులుతారు. గ్యారంటీ అన్న పేరు అందుకే.

2025 మే 1న అమెరికా ఆర్థిక నేరాల విభాగం ఫిన్‌సెన్, హుయివోన్ గ్రూపును మనీ లాండరింగ్ కేంద్రంగా గుర్తించింది. 2021 ఆగస్టు నుంచి 2025 జనవరి దాకా కనీసం 400 కోట్ల డాలర్ల అక్రమ సొమ్ము దానిలోంచి పారిందని, ఉత్తర కొరియా హ్యాకర్లు కొట్టేసిన డబ్బు కూడా అందులో ఉందని చెప్పింది. అదే నెలలో టెలిగ్రామ్ ఆ గ్రూపులను తీసేసింది. బజారు మూతపడింది. దుకాణదారులు పక్క బజారుకు మారారు.

ఇక కొనేవాడి దగ్గరికి. కంబోడియా దక్షిణ తీరం, సిహానూక్‌విల్. ఒకప్పుడు పర్యాటకులు వెన్నెల రాత్రుల కోసం వచ్చే బీచ్ ఊరు. తర్వాత చైనా పెట్టుబడులతో కేసినోలు లేచాయి. 2019లో ప్రధాని హున్ సేన్ ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాడు, వెనకే కరోనా వచ్చింది. ఖాళీ అయిన గదుల్లోకి కంప్యూటర్లు, వాటి ముందుకు మనుషులు వచ్చారు. మీరు నిలబడ్డది జిన్‌బెయ్ కాంపౌండు ముందు. ఎత్తు గోడలు, కిటికీలకు ఇనుప చువ్వలు. లోపల మామూలు ఆఫీసులా ఉంటుంది: బల్లలు, హెడ్‌సెట్లు, గోడ మీద టార్గెట్లు.

ఒక బల్ల దగ్గర ఆగి వినండి. తెలుగు.

విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు కుర్రాళ్లు. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఏజెంట్లు తలా లక్షన్నర దాకా తీసుకుని విమానం ఎక్కించారు. ఇక్కడ పాస్‌పోర్టు లాక్కున్నారు. మాట వినకపోతే తిండి లేకుండా చీకటి గదిలో పెట్టేవారని తిరిగొచ్చినవాళ్లు పోలీసులకు చెప్పారు. చేయించిన పని కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయని బెదిరించడం, షేర్ల ఆశ పెట్టడం, పార్ట్‌టైమ్ పనుల వల వేయడం. ఎవరి మీద? సొంత దేశం వాళ్ల మీదే. పెద్దాయన జేబులో విన్న ఫోనుకు అవతల, ఖాకీ చొక్కా కింద, పారిపోదామని దారి వెతుక్కుంటున్న కుర్రాడు ఉండి ఉండొచ్చు. ఉండకపోవచ్చు కూడా. ఇష్టపడి చేసేవాళ్లకూ కొదవ లేదు.

2024 మేలో విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు. ఆ కబురు లోపలికి చేరింది. మే 20న సుమారు మూడు వందల మంది భారతీయులు జిన్‌బెయ్‌లో తిరగబడ్డారు. కొందరిని కంబోడియా పోలీసులు ఎత్తుకెళ్లి జైల్లో పెట్టారు. ఆ నెలాఖరులోగా మొదటి జట్లు విశాఖ విమానాశ్రయంలో దిగాయి.

ఏడాదిన్నర తర్వాత జిన్‌బెయ్ అన్న పేరు ఇంకో చోట అచ్చయింది. 2025 అక్టోబరు 14న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో బయటపెట్టిన అభియోగపత్రంలో. నిందితుడు చెన్ ఝి, ప్రిన్స్ గ్రూపు చైర్మన్. చైనాలోని ఫుజియన్‌లో పుట్టాడు, కంబోడియా పౌరుడయ్యాడు, అక్కడి ప్రధానులకు సలహాదారుగా ఉన్నాడు. ప్రిన్స్ పేరు మీద బ్యాంకు ఉండేది, రియల్ ఎస్టేటు ఉండేది. జిన్‌బెయ్‌తో సహా నిర్బంధ కాంపౌండ్లు నడిపించింది ఇతనే అన్నది అమెరికా ఆరోపణ. ప్రిన్స్ గ్రూపు ఆ మాట ఒప్పుకోలేదు. కేసు తేలలేదు. కానీ ఆ పత్రంలోని వివరాలు చదువుతుంటే కళ్లు తిప్పుకోవడం కష్టం. ఏ భవనం ఏ అంతస్తులో ఏ రకం మోసం నడుస్తోందో రాసిన పద్దులు అతని దగ్గర ఉన్నాయట. రెండు చోట్ల 1,250 ఫోన్లు పేర్చి 76,000 సోషల్ మీడియా ఖాతాలు నడిపారట. ఆడవాళ్ల ప్రొఫైల్ ఫొటోలు మరీ అందంగా ఉండకూడదు, నమ్మరు అని సిబ్బందికి సూచన కూడా ఉంది. 2018లో రోజుకు 3 కోట్ల డాలర్లు వచ్చేవని ఒక సహకుట్రదారు గొప్పలు పోయాడని రాశారు.

అక్కడికి చేరిన డబ్బు ఏమవుతుంది? మీరు ఇప్పుడు తెర ముందు కూర్చుని వాలెట్ల పటం చూస్తున్నారు. ఒక పెద్ద మొత్తం పదుల కొద్దీ చిరునామాల్లోకి చిమ్ముకుపోతుంది. కాసేపటికి మళ్లీ గరాటులో పోసినట్టు రెండు మూడు చిరునామాల్లోకి దిగుతుంది. మళ్లీ చిమ్ముతుంది, మళ్లీ దిగుతుంది. వ్యాపారానికి ఇలాంటి తిప్పుడు అక్కర్లేదు. వెంటపడేవాడికి కళ్లు తిరగాలి, అంతే. ఇంకో పద్ధతి నాకు ఇంతకన్నా తెలివైనదిగా తోచింది. మోసపు డబ్బుతో బిట్‌కాయిన్ గనులు పెట్టడం. లావోస్‌లో, టెక్సాస్‌లో, చైనాలో లూబియన్ పేరుతో. యంత్రాలు కొత్తగా తవ్వి తీసిన నాణేనికి గతం ఉండదు. అది ఏ పెద్దాయన డిపాజిట్టులోంచీ వచ్చినట్టు కనబడదు. పెట్టుబడి ఖర్చు లేదు కాబట్టి లాభం బాగుందని చెన్ చెప్పుకున్నాడని ఆ పత్రమే అంటోంది. లూబియన్ ఒక దశలో ప్రపంచంలో ఆరో పెద్ద బిట్‌కాయిన్ గని.

తమాషా ఏమిటంటే దొంగల ఇంట్లోనే దొంగలు పడ్డారు. 2020 డిసెంబరులో లూబియన్ వాలెట్లలోంచి లక్షా ఇరవై ఏడు వేల పైచిలుకు బిట్‌కాయిన్లు మాయమయ్యాయని ఆర్కమ్ అనే పరిశోధన సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించింది. తాళంచెవులు తయారుచేసిన పద్ధతి బలహీనమైనదట. ఊహించాల్సిన అవకాశాలు 429 కోట్లే. మనిషికి అది పెద్ద అంకె, కంప్యూటరుకు కాదు. రెండు నెలల తర్వాత అమెరికా, చెన్‌కు చెందినవంటూ 1,27,271 బిట్‌కాయిన్లు తన స్వాధీనంలో ఉన్నాయని చెప్పింది. అప్పటి ధరకు 1,500 కోట్ల డాలర్లు. అవి అమెరికా చేతికి ఎలా వచ్చాయన్న దాని మీద చైనా సంస్థ ఒకటి తర్వాత అమెరికానే హ్యాకరు అని నిందించింది.

ఖర్చు చూద్దాం. ఇంత తతంగం చివర ఏదో ఒకటి కొనుక్కోవాలి కదా. లండన్, అవెన్యూ రోడ్డు. చెట్ల నీడన గేటు వెనక 1.2 కోట్ల పౌండ్ల భవంతి. అక్కణ్ణించి నగరం నడిబొడ్డుకు వెళ్తే ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లో 10 కోట్ల పౌండ్ల ఆఫీసు కట్టడం. న్యూ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, నైన్ ఎల్మ్స్ వైపు 17 ఫ్లాట్లు. గేటు మీదా, కాగితాల మీదా చెన్ పేరు ఉండదు. బ్రిటిష్ వర్జిన్ దీవుల్లో పెట్టిన కంపెనీల పేర్లుంటాయి. బ్రిటన్ ప్రభుత్వం అమెరికాతో కలిసి ఒకే రోజు వీటన్నిటినీ కట్టడి చేసింది. సింగపూర్ పోలీసులు అదే నెల 30న దాడి చేసి 15 కోట్ల సింగపూర్ డాలర్లకు పైగా ఆస్తులు పట్టుకున్నారు. అందులో ఒక యాట్, 11 కార్లు, ఖరీదైన మద్యం సీసాలు. ప్రైవేటు విమానాలు, గడియారాలు, న్యూయార్క్ వేలంలో కొన్న ఒక పికాసో చిత్రం అభియోగపత్రంలో ఉన్నాయి.

జాబితా చదివితే నాకు కలిగింది విసుగు. ఇంత డబ్బుకు ఇంత చిన్న ఊహా? సింగపూర్‌లోనే 2023 ఆగస్టు 15న ఇంకో కేసులో 400 మందికి పైగా పోలీసులు ఒకేసారి బంగళాల మీద పడ్డప్పుడు దొరికినవీ ఇవే: బంగళాలు, కార్లు, చేతిసంచులు, గడియారాలు, మద్యం. ఆ కేసులో పట్టుకున్నది చివరికి మొత్తం 300 కోట్ల సింగపూర్ డాలర్లకు చేరింది. అక్కడ ఒకడు బాల్కనీ మీంచి దూకి కాళ్లూ చేతులూ విరగ్గొట్టుకుని మురుగు కాలువలో దాక్కుని దొరికాడు. అతనూ ఫుజియన్‌లో పుట్టినవాడే, చేతిలో వేరే దేశాల పాస్‌పోర్టులున్నవాడే.

పాస్‌పోర్టుల దగ్గర ఆగుదాం. ఈ దారంతా మీరు చూసింది ఏమిటి? లాడ్జిలో డ్రైవరు తన పేరును కొన్ని వేలకు అద్దెకిచ్చాడు. సూరత్ పెయింటరూ, ముసలావిడా అంతే. విశాఖ కుర్రాడి గొంతును బలవంతంగా తీసుకున్నారు. బ్రూక్లిన్‌లో కూడా ఇదే బేరం. జిన్‌బెయ్ మోసాల్లో 250 మందికి పైగా అమెరికన్ల 1.8 కోట్ల డాలర్లు అక్కడి స్థానిక ముఠా తెరిచిన బోగస్ కంపెనీల ఖాతాల్లోంచే పోయాయని అభియోగం. పైన కూర్చున్నవాడు అద్దెకు తీసుకోడు, కొనుక్కుంటాడు. చెన్ దగ్గర కంబోడియాది కాక సైప్రస్, వనువాటు పౌరసత్వాలూ ఉండేవి. ఏ కంప్యూటరూ ఈ డబ్బును దాచలేదు. ఇంకొకరి పేరు దాచింది, మొదటి లేయరు నుంచి లండన్ దాకా. రిజర్వు బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ తయారుచేసిన మ్యూల్‌హంటర్ అనే కృత్రిమ మేధ సాధనం ఇప్పుడు బ్యాంకుల్లో వెతుకుతున్నదీ అదే: నెలకు నాలుగు వేలు కూడా తిరగని ఖాతా ఒక్క మధ్యాహ్నం హఠాత్తుగా వ్యాపారి ఎందుకయింది?

2026 జనవరిలో చెన్ కంబోడియాలో పట్టుబడ్డాడు. అతన్ని అమెరికాకు కాదు, చైనాకు అప్పగించారు. పెద్దాయన తరఫున హోల్డులో ఉన్న లక్షా పదివేలు కోర్టు ఉత్తర్వు మీద, చాలాసార్లు లోక్ అదాలత్‌లో, తిరిగి వస్తాయి. తెలంగాణలో ఆ దారి బాగానే నడుస్తోంది. బ్రూక్లిన్‌లోని బిట్‌కాయిన్ల సంగతి వేరు. వాటిని జప్తు చేసుకోవడానికి అమెరికా వేసిన సివిల్ దావాలో మనిషి ప్రతివాది కాదు. ప్రతివాది స్థానంలో 'సుమారు 1,27,271 బిట్‌కాయిన్లు' అని రాశారు. అందులో వాటా అడగాలనుకున్నవాళ్లు తమ డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, ఏ వాలెట్టుకు చేరిందో కాగితాలతో చూపించాలి.